సన్న పాదానికి సైజు తగ్గించడం విరుగుడు కాదు

సంపాదకులకు,

బడులు తెరిచే ముందు పుస్తకాలు, యూనిఫాం, బ్యాగుల ధరల గురించి పత్రికలన్నీ రాస్తాయి. నల్ల బూట్ల దగ్గరికొచ్చేసరికి ‘ఒక సైజు పెద్దది తీసుకోండి, ఏడాదంతా వస్తుంది’ అన్న మాటతో సరిపెడతాయి. పాదం సన్నగా ఉన్న పిల్లలకు ఆ సలహా పనికిరాదు. బూటు వదులుగా ఉందంటే దుకాణంలో ‘అయితే ఒక సైజు తగ్గించి చూడండి’ అంటారే, అది ఇంకా చేటు.

లెక్క చూడండి. మన దుకాణాల్లో ఎక్కువగా నడిచేది బ్రిటిష్ సైజు. ఒక సైజుకీ తర్వాతి సైజుకీ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మి.మీ. వెడల్పులో తేడా మాత్రం 2 మి.మీ. అటూ ఇటూ. ఆ 2 మి.మీ. బిగుతు కోసం ఎనిమిదిన్నర మి.మీ. పొడవు వదులుకున్నట్టే. మడమ జారడం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, అది వేళ్లు వెళ్లి బూటు ముందు గోడకు ఆనుకోవడం వల్లే. బొటనవేలి గోరు నల్లబడటం, వేళ్లు ముడుచుకుపోవడం అక్కడే మొదలవుతాయి.

పాదం సన్నమా కాదా అన్నది కంటితో తేల్చకూడదు. బక్కగా ఉన్న పిల్లలందరి పాదాలూ సన్నవి కావు. బడికి వేసుకునే సాక్సులే తొడిగి, సాయంత్రం పూట మడమ గోడకు ఆనేలా పిల్లను కాగితం మీద రెండు కాళ్లపై సమంగా నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలిస్తే పాదం పరుచుకోదు, కొలత తప్పుతుంది. గోడ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి కొస దాకా పొడవు. అది కొందరికి బొటనవేలు కాదు, పక్క వేలు. బొటనవేలి మొదలు దగ్గరి ఎముక నుంచి చిటికెన వేలి మొదలు దాకా వెడల్పు. పాదం చుట్టూ గీత గీసేటప్పుడు పెన్సిల్ నిటారుగా పట్టుకోవాలి, వాలిస్తే రెండు మూడు మి.మీ. తేడా వస్తుంది. 200 మి.మీ. పొడవున్న పాదం వెడల్పు 80 దగ్గర ఉంటే మామూలు పాదం, 72–74 ఉంటే సన్నదనుకోవచ్చు. రెండు పాదాలూ కొలిచి, పొడవైన దాని ప్రకారం కొనాలి. ముందు 10–12 మి.మీ. ఖాళీ చాలు. బడి వయసు పిల్లల పాదం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి మూడు నెలలకోసారి మళ్లీ చూసుకోవాలి.

పొడవు అలా ఖాయం చేసుకున్నాక వెడల్పు సంగతి బూటు రకంతో తేల్చుకోవాలి. సన్న పాదాన్ని పట్టి ఉంచేది మీగాలి మీద పడే కట్టు. అందుకే లేసు బూటు అన్నిటికంటే మేలు, కనీసం నాలుగు జతల రంధ్రాలుండాలి. లేసు బిగించాక రెండు అంచుల మధ్య ఒక సెంటీమీటరు దాకా ఎడం మిగలాలి. కొత్తలోనే అంచులు కలిసిపోతే ఇక బిగించడానికి చోటు లేదన్నమాట. తోలు రోజులు గడిచేకొద్దీ పాదానికి తగ్గట్టు సాగుతుంది, ఆ బూటు ఇంకా వదులవుతుంది. వెల్‌క్రో అయితే ఒక పట్టీ కంటే రెండు నయం. బిగించినప్పుడు పట్టీ కొస అతుక్కునే మేర దాటి బయటికి వేలాడుతుంటే అది ఆ కాలికి తగిన బూటు కాదు. మరీ నచ్చితే చెప్పులు కుట్టే అతని చేత అతుకు జరిపించుకోవచ్చు. బకిల్ పట్టీకి ఇంకో రంధ్రం పొడిపించడం ఇంకా సులువు.

పెళ్లిళ్లకు ఆడపిల్లలకు కొనే బెల్లీస్‌కు మీగాలి మీద ఏ కట్టూ ఉండదు. బూటు ఊడిపోకుండా పిల్ల కాలి వేళ్లతో పట్టుకుని నడుస్తుంది. అడ్డంగా పట్టీ ఉన్నవే చూడండి. మగపిల్లల సూటు కిందికి మొన తేలిన బూట్లు కొని, సన్న పాదం కదా సరిపోతుందనుకుంటారు. అక్కడ మొన ఒక్కటే సన్నం. వేళ్లు నొక్కుకుపోతాయి, మడమ దగ్గర మాత్రం ఎప్పటిలా వదులే.

లోపలి ఇన్‌సోల్ ఊడివచ్చే బూటైతే దాన్ని బయటికి తీసి దాని మీద పిల్లను నిలబెట్టండి. పాదానికి రెండు పక్కలా ఇన్‌సోల్ చాలా మేర కనబడితే ఆ బూటు వెడల్పు ఎక్కువ. తర్వాత బూటు తొడిగి పది అడుగులు నడిపించండి. వేళ్ల మొదలు దగ్గర పైతోలు మీ చేతివేళ్లతో పట్టుకుంటే మడతగా పైకి లేచినా, నడకలో మడమ ప్రతి అడుగుకూ పైకి జారినా వద్దనుకోండి. బూటు వెనక భాగం వేలితో నొక్కితే లోపలికి కుంగకూడదు. అది మెత్తగా ఉంటే లేసు ఎంత బిగించినా మడమ నిలవదు.

కొనేశాక వదులు తెలిస్తే చాలా ఇళ్లలో మడమ వెనక మెత్త అంటిస్తారు. అది పాదాన్ని ముందుకు తోస్తుంది, ఉన్న ఖాళీ పోతుంది. లేసు కింద ఉండే బూటు నాలుక అడుగున 3 మి.మీ. ఫెల్ట్ (ఒత్తైన ఉన్ని గుడ్డ) ముక్క అంటిస్తే పాదం వెనక్కి జరిగి మడమ గూట్లో కూర్చుంటుంది. బూటు లోతు కూడా ఎక్కువైతే ఉన్న ఇన్‌సోల్ కింద పల్చటి ఇన్‌సోల్ ఇంకొకటి వేయొచ్చు, వేళ్లు పైకప్పుకు తగలకుండా చూసుకోవాలి. లేసు కట్టేటప్పుడు చివరి రంధ్రంలోకి అడ్డంగా కాకుండా అదే వైపు నిలువుగా పోనిచ్చి చిన్న ఉచ్చు వదలండి. రెండో వైపూ అలాగే చేసి, ఒక్కో కొసను ఎదుటి ఉచ్చులోంచి లాగి ముడి వేస్తే మడమ కదలదు. బూటు ముందు దూది కుక్కడం, రెండు జతల సాక్సులు తొడగడం మాత్రం మానండి. దూది పాదాన్ని పట్టుకోదు. మన ఎండల్లో రెండు సాక్సుల చెమట వేళ్ల సందుల్లో పుండు చేస్తుంది.

బ్రిటన్‌లో పిల్లల బూట్లు ఈ, ఎఫ్, జీ, హెచ్ అని వెడల్పు అక్షరాలతో కూడా దొరుకుతాయి. మన దగ్గర పెట్టె మీద పొడవు అంకె తప్ప సాధారణంగా ఇంకేమీ ఉండదు. అమెరికాలో ఉన్నవాళ్ల చేత తెప్పించుకునేవారు అక్కడి పిల్లల సైజు మన దానికంటే అర నుంచి ఒక అంకె ఎక్కువ చూపుతుందని గుర్తుంచుకోవాలి. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ దేశమంతా పాదాలు కొలిచి, ‘భా’ పేరుతో మన పాదాలకు తగిన సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. భారతీయుల పాదాలు సగటున వెడల్పైనవని ఆ కొలతల్లో తేలింది. మంచి పనే. కాకపోతే సగటు కోసం బూట్లు తయారుచేసే అచ్చులు వెడల్పు చేసినకొద్దీ సన్న పాదాల పిల్లలకు బూటు మరింత వదులవుతుంది. కంపెనీలు ఒక్కో సైజులో కనీసం రెండు వెడల్పులు చేసి పెట్టె మీద ముద్రించాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో విద్యార్థి కిట్ బూట్ల కోసం సైజులు నమోదు చేసేటప్పుడు పాదం వెడల్పుకు కూడా ఒక గడి చేర్చి, సన్న పాదాల పిల్లలకు లేసు బూట్లు ఇవ్వాలని విద్యాశాఖను కోరుతున్నాను.

— పిల్లల బూట్ల తయారీదారు, విజయవాడ