నీళ్ల సీసాతో పాటు విరేచనం నమూనా కూడా పంపాలి

సంపాదకులకు,

2024 అక్టోబరులో గుర్లలో ప్రబలిన అతిసారాన్ని విజయనగరం జిల్లా అంత తేలిగ్గా మరిచిపోదు. ఎక్కడ విరేచనాలు మొదలైనా ముందు బోరు నీళ్లు, కుళాయి నీళ్లు సీసాల్లో పట్టి పరీక్షకు పంపుతారు. పంపాల్సిందే. కానీ నీళ్లను పరీక్షించే హెచ్‌టూఎస్ సీసా నల్లబడితే నీళ్లలో మలం కలిసి ఉంటుందని అనుమానించగలం, అంతే. రోగి కడుపులో ఉన్నది కలరా క్రిమో, రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లానో అది చెప్పదు. యాంటీబయాటిక్ పడకముందే రోగి విరేచనం తీసి కల్చర్‌కు, అంటే క్రిములను ల్యాబులో పెంచి గుర్తించే పరీక్షకు పంపాలి. స్వాబ్ (దూది పుల్లతో నమూనా) తీయడానికి పట్టేది నిమిషమే, దానికోసం ఓఆర్‌ఎస్, సెలైన్ ఆపక్కర్లేదు.

నమూనా ఎక్కువగా చెడిపోయేది దారిలోనే. ఉత్త డబ్బాలో తీస్తే రెండు గంటల్లో ల్యాబులో క్రిములు పెంచే ప్లేటు మీద వేయాలి. ఇచ్ఛాపురంలో తీసింది శ్రీకాకుళం ల్యాబుకు చేరేసరికి ఆ గడువు దాటిపోతుంది, షిగెల్లా అయితే అప్పటికే చచ్చిపోవచ్చు. క్రిములను దారిలో బతికించి ఉంచే కేరీ-బ్లెయిర్ ట్యూబులో స్వాబ్ పెట్టి పంపితే ఈ ఇబ్బంది ఉండదు. కలరా అనుమానం ఉంటే ఐసులో పెట్టకూడదు, ఆ క్రిమి చలికి తట్టుకోదు.

ల్యాబులో ఒక్క మెకాంకీ అగార్ (క్రిములను పెంచే జెల్లీ లాంటి మేత) ప్లేటుతో సరిపెట్టడం మా దృష్టిలో పెద్ద లోపం. అందులోని పైత్య లవణాలు, క్రిస్టల్ వయొలెట్ గ్రామ్ పాజిటివ్ అనే మరో వర్గం క్రిములను ఆపుతాయి. లాక్టోజ్‌ను పులియబెట్టే ఈ-కోలై గులాబీ రంగులో, సాల్మొనెల్లా, షిగెల్లా రంగు లేకుండా కనిపిస్తాయి. కలరా క్రిమి మాత్రం ఈ గుంపులో కలిసిపోయి దొరకదు. దానికి టీసీబీఎస్ అనే ప్రత్యేక అగార్ కావాలి. పీహెచ్ 8.6 ఉన్న ఆ అగార్ మీద పేగుల్లోని మామూలు క్రిములు సరిగా పెరగవు, కలరా క్రిమి సుక్రోజ్‌ను పులియబెట్టి పసుప్పచ్చని, నున్నని కాలనీలు (క్రిముల గుంపులు) కడుతుంది. నమూనాను ముందు కలరా క్రిమి బాగా పెరిగే క్షార ద్రవం, ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచి, కదపకుండా పైపొర నుంచే లూప్‌తో (తీగ ఉంగరంతో) తీసి టీసీబీఎస్ మీద గీతలుగా పూయాలి. 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలకు చూసేయాలి. ప్లేటును ఫ్రిజ్‌లో పడేస్తే పసుపు కాస్తా ఆకుపచ్చకు తిరగవచ్చు. కలరా క్రిమిని గుర్తించడానికి తోడ్పడే ఆక్సిడేజ్ పరీక్ష కూడా ఆ కాలనీతో నేరుగా చేయకూడదు, ఆమ్లం వల్ల తప్పుడు నెగటివ్ వస్తుంది. మామూలు న్యూట్రియంట్ అగార్ మీదకు మార్చి చేయాలి.

ఎక్స్ఎల్‌డీ అనే మరో అగార్ మీద ఎర్ర కాలనీ, మధ్యలో నలుపు ఉంటే సాల్మొనెల్లా అనుకోవచ్చు. ప్రోటియస్ అనే పేగు క్రిమి కూడా నలుపు చూపగలదు కాబట్టి, రెంటినీ వేరుచేసే యూరియేజ్ పరీక్ష చూడకుండా సాల్మొనెల్లా అని రాయకూడదు. సాల్మొనెల్లాలోనే ఒకటైన టైఫాయిడ్ క్రిమికి ఆ నలుపు కనబడకపోవచ్చు కూడా.

టీసీబీఎస్‌ను, ఎక్స్ఎల్‌డీని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెడితే పాడైపోతాయి. కరిగేదాకా మరిగించి, 50 డిగ్రీలకు చల్లార్చి పోయాలి. మూత తడిగా ఉంటే కాలనీలు ఒకదానిలోకి ఒకటి పాకుతాయి, పోసిన ప్లేట్లను ఆరనివ్వాలి.

రిపోర్టులో 'క్రిములు లేవు' అని రాయడం తప్పు. విరేచనంలో క్రిములు ఎప్పుడూ ఉంటాయి. సాల్మొనెల్లా, షిగెల్లా, విబ్రియో (కలరా క్రిమి జాతి) కోసం వెతికామనీ, ఏది దొరికింది, ఏది దొరకలేదనీ రాయాలి. వ్యాధి తెచ్చే ఈ-కోలై కూడా మెకాంకీ మీద గులాబీ రంగే కాబట్టి, రంగు చూసి దాన్ని కొట్టిపారేయలేం.

వానలు మొదలయ్యేలోపు ప్రతి పీహెచ్‌సీకి కేరీ-బ్లెయిర్ ట్యూబులు, జిల్లా ల్యాబులకు టీసీబీఎస్ పొడి, గడువు తేదీ చూసి మరీ అందించాలని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఆరోగ్య అధికారులను కోరుతున్నాం.

— మైక్రోబయాలజీ అధ్యాపకులు, విజయనగరం