మీ తాళం కంటే మీ కస్టమర్ కేరే గట్టిది, ఎంత కొట్టినా తెరుచుకోదు

కస్టమర్ కేర్ పెద్దలకు,

మీ దగ్గర కొన్న అంకెల మీటల తలుపు తాళం గురించి ఇది నా ఆరో మెయిల్. మొదటి ఐదింటికీ నిమిషం తిరక్కుండా "మీ ఫిర్యాదు మాకెంతో విలువైనది" అని జవాబొచ్చింది. అంత వేగంగా చదివింది మనిషి కాదని నాకూ తెలుసు.

సంగతి చిన్నదే. తాళం మీద నాలుగు అంకెలు అరిగి తెల్లబడ్డాయి. కోడ్ మార్చబోతే యాప్ ఒప్పుకోవడం లేదు. నాలుగంకెల కోడ్ అంటే 10,000 రకాలు, నిజమే. కానీ ఏ నాలుగు మీటలు నొక్కుతున్నామో తలుపే చూపిస్తుంటే మిగిలేవి 24 వరసలే. తప్పు కోడ్‌లు కొట్టినందుకు తాళం మధ్యలో కాసేపు మొరాయించినా, దొంగకి ఒక పూటలో తేలిపోయే పని.

ఇదే మీ మొదటి ఏజెంటుకి చెప్పాను. "రీస్టార్ట్ చేశారా మేడమ్?" అన్నాడు. నేను మగవాణ్ణి బాబూ అంటే "సారీ మేడమ్" అన్నాడు. రెండో ఆయన నలభై నిమిషాలు సంగీతం వినిపించి, "ఫ్యాక్టరీ కోడే పెట్టుకోండి సర్, ఈజీగా గుర్తుంటుంది" అని సలహా ఇచ్చాడు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షల కెమెరాల్లో, రౌటర్లలో దూరింది సరిగ్గా ఇలాంటి, ఫ్యాక్టరీలో పెట్టినవి ఎవరూ మార్చని పాస్‌వర్డ్‌ల వల్లే. ఆయనకి చెప్పాను. "ఓకే సర్, ఇంకేమైనా సహాయం కావాలా?" అన్నాడు.

మూడో ఆవిడ ముందు పుట్టినతేదీ అడిగింది. నాకు శుభాకాంక్షలు చెప్పిన ప్రతివాడికీ తెలిసిన తేదీ అది! తర్వాత ఓటీపీ అడిగింది. మీరు పంపిన మెసేజ్‌లోనే "మా సిబ్బంది అడిగినా చెప్పకండి" అని ఉంటే చదివి వినిపించాను. కాస్త ఆగి, "పర్లేదు సర్, చెప్పండి" అంది. చెప్పలేదు. "కస్టమర్ సహకరించలేదు" అని రాసి టికెట్ మూసేశారు.

లండన్‌లో బ్రామా కంపెనీ వాళ్లు ఒక తాళాన్ని షాపు కిటికీలో పెట్టి, తెరిచినవాళ్లకి 200 గినీలు (అప్పటి ఇంగ్లీషు డబ్బు) ఇస్తామన్నారు. అరవై ఏళ్లు ఎవరి వల్లా కాలేదు. 1851లో హాబ్స్ అనే ఆయన 51 గంటలు కుస్తీపట్టి తెరిచాడు. కంపెనీ సణిగింది గానీ డబ్బు ఇచ్చేసింది. మీ తాళంలో లోపం చూపించినందుకు నాకు దక్కింది ఆ నలభై నిమిషాల సంగీతం.

తొమ్మిదేళ్ల కస్టమర్ని. ముందు కెమెరా, తర్వాత తాళం, మీ మాట నమ్మి మా అక్కయ్య ఇంటికి ఇంకో తాళం. ఇప్పుడు ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తడానికి మొహం చెల్లడం లేదు. తాళం మారుస్తారో, డబ్బులు వెనక్కిస్తారో మీ ఇష్టం, ముందు ఒక మనిషి నాతో మాట్లాడాలి. సోమవారం దాకా చూస్తాను. తర్వాత వినియోగదారుల కోర్టే.

ఫోన్ చేసేవారికి ఒక మనవి. మీరు ఆ కంపెనీ మనిషేనని ముందు నాకు రుజువు చూపాలి. పుట్టినతేదీ చెబితే సరిపోదు.

ఇట్లు,
మీరు మూసేసిన టికెట్