నైరోబీ నుంచి కేప్‌టౌన్ దాకా, అంతా నేలమీదే

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "సెలవు దొరికితే బాలీకో వియత్నాంకో పోక ఆఫ్రికా ఏమిట్రా, అదీ ఒక్కడివే, అదీ బస్సుల్లో" అని బాగానే క్లాసు పీకావు. ఫోన్లో చెబితే మాట మాటకీ అడ్డుపడతావని ఉత్తరం రాస్తున్నాను. కాఫీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

ముంబై నుంచి నైరోబీకి నేరుగా విమానం ఉంది, ఆరు గంటల ప్రయాణం. అక్కడ దిగాక మళ్ళీ కేప్‌టౌన్‌లో తిరుగు విమానం ఎక్కేదాకా గాల్లోకి లేచేది లేదు. కెన్యా, టాంజానియా, జాంబియా, జింబాబ్వే, దక్షిణాఫ్రికా. రైలున్న చోట రైలు, లేని చోట బస్సు. సెరెంగెటి, మసాయి మారా సఫారీ పార్కులు రెండూ లిస్టులోంచి కొట్టేశాను. పార్కు ఫీజు, జీపు, డ్రైవరు కలిపితే అక్కడ ఒక్క రోజుకయ్యే ఖర్చుతో నేను వారం గడిపేస్తాను. నలుగురుంటే పంచుకోవచ్చు గానీ ఒక్కడికి గిట్టదు.

"మరి ఆఫ్రికా దాకా వెళ్ళి ఏనుగునైనా చూడకుండా వస్తావా" అంటావు. కిటుకంతా అక్కడే ఉందిరా. జీపెక్కకపోయినా జంతువులు కనిపించే దారులే ఏరుకున్నాను. నైరోబీ-మొంబాసా కొత్త రైలు 2017లో మొదలైంది. 480 కిలోమీటర్లు, ఐదు గంటలు, ఎకానమీ టికెట్ 1,500 షిల్లింగులు, అంటే మన వెయ్యి రూపాయలు. ఆ లైను సావో పార్కు మధ్యలోంచి ఎత్తైన కట్టమీద పోతుంది. జంతువులు అటూ ఇటూ తిరగడానికి కింద దారులు వదిలారు. అక్కడి మన్ను ఎర్రగా ఉంటుంది, అందులో దొర్లి దొర్లి ఏనుగులు కూడా ఎర్రగానే కనిపిస్తాయి. అదృష్టముంటే కిటికీలోంచే చూడొచ్చు. దాని పక్కన పాత లైను ఉంది చూశావూ, 1896 నుంచి 1901 దాకా దాన్ని వేసింది మన దేశం నుంచి తీసుకెళ్ళిన కూలీలు, ముప్ఫై వేల పైమాటే. అందులో దాదాపు 2,500 మంది అక్కడే పోయారు. 1898లో సావో వంతెన కడుతుంటే రెండు సింహాలు నెలల తరబడి కూలీలను ఎత్తుకుపోయాయి. ఆ సింహాలు ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉన్నాయి. మనవాళ్ళ సమాధులేవో ఎవరికీ పట్టలేదు.

మొంబాసా నుంచి టాంజానియాలోని దారెస్సలాంకి బస్సు. ఇక్కడో తిరకాసు ఉంది. స్వాహిలీలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒంటిగంట. "బస్సు రెండింటికి" అన్నారని మధ్యాహ్నం దాకా పడుకుంటే అది పొద్దున్న ఎనిమిదికే వెళ్ళిపోయి ఉంటుంది. అందుకే టికెట్ తీసుకోగానే ఏ లెక్కలో చెప్పారో అడిగి, రాయించుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి, టజారా రైలు. నిజం చెప్పాలంటే ట్రిప్పంతా దీని చుట్టూనే అల్లాను. దారెస్సలాం నుంచి జాంబియాలోని కపిరి ఎంపోషి దాకా 1,860 కిలోమీటర్లు. జాంబియాకి సముద్రం లేదు, రాగి బయటికి పంపాలంటే అప్పట్లో తెల్లవాళ్ళ పాలనలో ఉన్న రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీదుగా పోవాలి. వాళ్ళ దయాదాక్షిణ్యాల మీద బతకడం ఇష్టంలేక టాంజానియా, జాంబియా చైనాని సాయమడిగాయి. 1970లో మొదలుపెట్టి ఐదేళ్ళలో పట్టాలు వేశారు, 1976లో చేతికిచ్చారు. మూడు వందల పైన వంతెనలు, ఇరవైకి పైగా సొరంగాలు! ఫస్ట్ క్లాసు కూపేలో నాలుగు బెర్తులు, సెకండ్ క్లాసులో ఆరు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు కూపేలు. ఇది కూడా ఒక అభయారణ్యం గుండా పోతుంది, జిరాఫీలు కనిపించొచ్చు. సరిహద్దులో ఇమిగ్రేషన్ వాళ్ళే రైలెక్కి ముద్ర వేస్తారు, వాళ్ళ వెనకే డబ్బు మార్చేవాళ్ళూ ఎక్కుతారు. వాళ్ళ దగ్గర నోట్లు నేను లెక్కపెట్టాకే నా డాలర్లు ఇస్తాను.

టైమ్‌టేబుల్ ప్రకారం రెండు రాత్రులు. ఆలస్యాలు మామూలే, ఒక్కోసారి రైలే ఉండదు. అందుకే కపిరి నుంచి ముందుకు ఏదీ బుక్ చేయడం లేదు. రద్దయితే బస్సెక్కి ఎంబేయా మీదుగా పోతాను. ఆ రోడ్డు మికూమి పార్కు మధ్యలోంచే పోతుంది, జీబ్రాలు ఫ్రీ. ఎటు తిరిగినా నష్టం లేదు.

జాంబియా రాజధాని లుసాకాలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, పడుకుని లేచి జలపాతం దగ్గరున్న లివింగ్‌స్టన్ పోవడమే. విక్టోరియా జలపాతం కోసమే జూన్‌లో బయలుదేరుతున్నాను. వెడల్పు 1,700 మీటర్లు, ఎత్తు 108. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు మరీ ఎక్కువై తుంపరలో ఏమీ కనపడదు, అక్టోబరు, నవంబరులో జాంబియా వైపు చాలావరకు ఎండిపోతుంది. జూన్, జూలై సరైన సమయం. అక్కడ 1905లో కట్టిన వంతెన మీద నడుచుకుంటూ జింబాబ్వేలోకి వెళ్ళిపోవచ్చు.

తర్వాత బులవాయో, జోహన్నెస్‌బర్గ్. అక్కణ్ణుంచి డర్బన్‌కి. దారిలో పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో దిగుతాను, 1893లో గాంధీని రైల్లోంచి తోసేసిన స్టేషన్ అదే. డర్బన్ మాత్రం మన కోసం. 1860 నవంబరులో మద్రాసు నుంచి కూలీలతో వచ్చిన ట్రూరో ఓడ చేరింది ఆ రేవుకే. 1911 దాకా లక్షన్నర మంది వచ్చారు, వాళ్ళలో మన విశాఖపట్నం జిల్లా వాళ్ళూ ఉన్నారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. నాయుడు అక్కడ 'నాయుడూ' అయ్యాడట, రెడ్డి రెడ్డిగానే మిగిలాడు. తెలుగు మాట్లాడే ముసలాయన ఒక్కరు దొరికినా చాలు, రోజంతా కూర్చుంటాను. డర్బన్-కేప్‌టౌన్ చాలా దూరం, మధ్యలో పాత పోర్ట్ ఎలిజబెత్‌లో (ఇప్పుడు పేరు గెబెర్హా) ఆగుతాను. కేప్‌టౌన్‌లో అప్పటికి చలీ, వానా. జలపాతం కోసం అది ఒప్పుకోక తప్పదు.

ఖర్చు రోజుకి 30 డాలర్లు దాటకూడదని అనుకుంటున్నాను, వీసాలు, విమానాలు కాకుండా. తిండికి భయం లేదు. ఉగాలి అని మొక్కజొన్న పిండి ముద్ద, మన సంకటి లాగే. పక్కన చిక్కుడు గింజలో, ఆకుకూరో. చపాతీ, చాయ్ తూర్పు వైపు ఎక్కడైనా దొరుకుతాయి. కొత్త డాలర్ నోట్లే తీసుకెళ్ళాలి, పాతవీ చిరిగినవీ ఎవరూ ముట్టుకోరు.

ఆరోగ్యం గురించి నువ్వు పెట్టిన నస దండగ కాలేదులే. హైదరాబాదు నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుంటాను. బయలుదేరడానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, కార్డు లేకుండా కెన్యా వైపు నుంచి తిరిగొస్తే మనవాళ్ళే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టేస్తారు. మలేరియాకి డాక్సీసైక్లిన్ రోజూ ఒకటి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు. డాక్టర్ని అడిగే మొదలుపెడతాను. కెన్యా, టాంజానియా అనుమతులు ఆన్‌లైనే. దక్షిణాఫ్రికా వీసా మాత్రం ఇక్కడే తీసుకోవాలి, కాస్త టెన్షన్ పెట్టేది అదొక్కటే. దొంగల భయమంటావా, చీకటి పడ్డాక ఊళ్ళోకి చేరే బస్సెక్కను. ముఖ్యంగా జోహన్నెస్‌బర్గ్‌లో పగలే దిగాలి.

నీతో రెండు పనులున్నాయి. నీ నలభై లీటర్ల బ్యాగు, ఆ తలకి కట్టుకునే హెడ్‌లైటూ కొరియర్ చెయ్యి, నీవి ఎలాగూ అటకమీదే ఉన్నాయి. అమ్మకి "ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా" అని చెప్పాను. నీకు ఫోన్ చేస్తే బస్సుల సంగతి ఎత్తకు, రైళ్ళని మాత్రం చెప్పు.

నీ
రాజు

తా.క.: జూన్ మొదటివారంలో నీకు సెలవు పెట్టే వీలుంటే ఇప్పుడే చెప్పు. సెకండ్ క్లాసులో ఆరు బెర్తులున్నాయి.