అరువు చెవులు, అరువు చేతులు

నమస్కారం. నా పాత స్పీకర్లు మళ్లీ పలుకుతున్నాయి. వాటిని పలికించిన నలుగురిలో ఒకరు తన పేరు ఎక్కడా రాయవద్దని గట్టిగా చెప్పారు. ఇద్దరు "దీనికి కూడా థ్యాంక్సా అంకుల్" అని నవ్వేశారు. నాలుగో మనిషికి ఇంకా పన్నెండేళ్లే. అందుకని పేర్లు లేకుండానే రాస్తున్నాను. ఎవరి గురించో వారికి తెలుస్తుంది.

మా ఇంటికి వచ్చేవారిలో చాలామంది వాటిని స్పీకర్లనుకోరు. ఆరడుగుల ఎత్తు, రెండడుగులకు కాస్త తక్కువ వెడల్పు, రెండంగుళాల మందం. మా ఆవిడ వాటిని "గోడ లేని తలుపులు" అంటుంది. 1988లో, డెట్రాయిట్ శివారులో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకరి దగ్గర కొన్న మ్యాగ్నెప్లానార్ ఎంజీ-2బి జత అది. వీటికి పెట్టె ఉండదు. పల్చటి మైలార్ ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం తీగను వరసలు వరసలుగా జిగురుతో అంటిస్తారు. దానికి అతి దగ్గరగా చిల్లుల ఇనుప రేకు, ఆ రేకుకు అయస్కాంతపు పట్టీలు. తీగలో కరెంటు పారితే పొర ఊగుతుంది, ధ్వని ముందుకీ వెనక్కీ కూడా వస్తుంది. మిన్నెసోటాలో త్రీఎం కంపెనీ ఇంజనీరుగా పనిచేసిన జిమ్ వైనీ బుర్రలో పుట్టిన పద్ధతి ఇది. 1969లో ఆయన మ్యాగ్నెపాన్ కంపెనీ పెట్టారు.

వీటితో వేగడం సులువు కాదు. గోడకు కనీసం మూడడుగులు ఎడంగా నిలబెట్టాలి, గట్టి ఆంప్లిఫయర్ ఉండాలి. అయినా తంబురా శ్రుతి పెట్టెలోంచి కాక గదిలోంచే పుడుతున్నట్టు వినిపించేది వీటిలోనే అని నా పక్షపాతం. ముప్పై ఏడేళ్లుగా అదే పక్షపాతం.

తప్పు పూర్తిగా నాదే. 2011లో ఈ ఇంటికి మారినప్పుడు వాటిని పడమటి కిటికీ పక్కన నిలబెట్టాను. ఏళ్ల తరబడి సాయంత్రపు ఎండ స్పీకర్లకు తొడిగిన గుడ్డలోంచి దూరి జిగురును తినేసింది. ఈ రకం స్పీకర్లకు ఎండ పడదని అందరికీ చెప్పేవాణ్ణి నేనే! జిగురు వదిలిన చోట తీగ పొరకు అంటీ అంటనట్టు ఉండి, స్వరంతోపాటు అదీ జుమ్మంటుంది.

ఆ జుమ్మనడం నాకు వినిపించలేదు. నాకు డెబ్బై నాలుగు. నిరుడు చెవుల పరీక్షలో కాగితం మీద గీత నాలుగు వేల హెర్ట్జ్ దాటగానే, అంటే కీచు శబ్దాల దగ్గర, గుట్ట మీంచి జారినట్టు జారింది. రోజూ వింటూనే ఉన్నాను, అంతా బాగానే ఉందనుకుంటున్నాను. వేసవి సెలవులకు వచ్చిన మనవరాలు మొదటి రోజే "తాతయ్యా, ఎడమదాంట్లో ఈగ దూరింది" అంది. నేను మీటరు పెట్టి చూశాను. రెండిటిలోనూ నాలుగు ఓములకు అటూ ఇటూ చూపించింది, తీగ ఎక్కడా తెగలేదు. అంచేత ఈగ లేదని వాదించాను. ఆ పిల్ల వాదించలేదు. స్పీకరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, మృదంగం తొప్పి (ఎడమ వైపు) మీద దెబ్బ పడినప్పుడల్లా చెవి జరుపుకుంటూ పోయి, గుడ్డ మీద ఒకచోట వేలు పెట్టింది. తరవాత గుడ్డ విప్పితే సరిగ్గా అక్కడే జానెడు తీగ లేచి ఉంది.

గుడ్డ విప్పడం కూడా నా వల్ల అయిన పని కాదు. చుట్టూ వందల స్టేపుల్ పిన్నులు. నా చేతులు రెండేళ్లుగా వణుకుతున్నాయి. మా వీధి చివర అద్దెకుంటున్న ఇద్దరు తెలుగు కుర్రాళ్లు, ఇక్కడ ఎంఎస్ చదువుతున్నవారు, ఒక శుక్రవారం రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటే పీకారు. స్పీకరును బల్ల మీద పడుకోబెట్టిందీ వాళ్లే.

ఇక పేరు వద్దన్న పెద్దమనిషి. ఒహాయోలోని టొలీడో నుంచి గంటకు పైగా కారు నడుపుకుంటూ మూడు శనివారాలు వచ్చారు. ఈ రకం స్పీకర్లు ఆయన దగ్గర ఆరు జతలున్నాయట. నేను ఎప్పుడో ఫోనులో ఒకసారి మాట్లాడిన పరిచయం, అంతే. ఆయన రాగానే చేసిన మొదటి పని నా పనిముట్ల పెట్టెను గది బయట పెట్టడం. ఇనుప పనిముట్టు దగ్గరికి తెస్తే ఆ అయస్కాంతాలు లాక్కుంటాయి, మధ్యలో ఉన్న పొరకు చిల్లు పడుతుంది. అది నాకు తెలుసు. తెలిసీ, ఆయన కాఫీ తాగుతుండగా చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని వంగాను. చేతిలోంచి అది ఎగిరిపోయింది. గోరంత చిరుగు. ఆయన ఒక్క మాట అనలేదు. పల్చటి టేపు ముక్క అతికించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు దీపం పట్టుకోండి" అన్నారు. ఆ తరవాత మూడు వారాలూ నా ఉద్యోగం అదే.

ఎండిన జిగురును మెత్తటి కుంచెతో దులిపి, ఆల్కహాలు తడిపిన పుల్లలతో తీగ వెంట తుడిచి, తీగను వెదురు పుల్లతో తిరిగి దాని దారిలో కూర్చోబెట్టి, నీళ్లతో పల్చన చేసిన త్రీఎం జిగురును కుంచెతో పూశారు. ఆరాక ఇంకో పూత. కెపాసిటర్లు, ఫ్యూజు హోల్డర్లు మార్చడం ఒక పూట పని. మా ఆవిడ పెట్టిన కారప్పూస చూసి "మీ ఇంట్లో తీగ తింటారా" అని అడిగిన మనిషి, పెట్రోలు డబ్బులు మాత్రం తీసుకోలేదు. కారప్పూస డబ్బా తీసుకెళ్లారు.

పోయిన ఆదివారం గుడ్డ తొడిగి, కిటికీకి దూరంగా ఉత్తరపు గోడ వైపు నిలబెట్టాం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టాను. నాకైతే ఎప్పటిలాగే బాగుంది, కానీ నా మాటకు ఇప్పుడు విలువ లేదు కదా. మనవరాలు ఎడమ స్పీకరు ముందు చాలాసేపు కూర్చుంది. ఈగ లేదంది. తరవాత కుడి దాని ముందుకు జరిగి, కింద మూలకు వేలు పెట్టి నా వైపు చూసింది.

టొలీడోకు ఫోను చేశాను. జిగురు డబ్బా మూత గట్టిగా బిగించి ఉంచమన్నారు. వచ్చే శనివారం వస్తారట. కుర్రాళ్లూ సరేనన్నారు. దీపం బ్యాటరీలు మార్చాను.