యాపిల్ కప్‌ని మళ్లీ నవంబర్‌కి తీసుకురండి

గౌరవనీయులైన వాషింగ్టన్ రాష్ట్ర గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ గారికి,

నమస్కారం. యాపిల్ కప్ అంటే సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ (హస్కీస్), పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ (కూగర్స్) జట్ల మధ్య ఏటా జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. ఈ రెండు యూనివర్సిటీల పాలకమండళ్లకూ సభ్యులను నియమించేది మీరే. పైగా హస్కీల యూనివర్సిటీలోనే చదువుకున్నారు. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

హస్కీస్, కూగర్స్ మధ్య పోటీ 1900లో మొదలైంది. 1961 వరకు గెలిచిన జట్టుకు ఇచ్చిన బహుమతి పేరే గవర్నర్స్ ట్రోఫీ. దశాబ్దాల పాటు ఈ మ్యాచ్ నవంబర్‌లో, సీజన్ చివర జరిగేది. 2024లో హస్కీస్ బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో (కాలేజీ జట్ల లీగ్‌లో) చేరాక ఆ వారాలు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లకు పోయాయి, యాపిల్ కప్ సెప్టెంబర్‌కి మారింది. 2028 వరకు ఒప్పందం కుదిరి పోటీ ఆగిపోనందుకు నిజంగా సంతోషించాను. కానీ ఈ మార్పుతో రెండు జట్లూ నష్టపోయాయి.

2023 నవంబర్ గుర్తు చేసుకోండి. హస్కీస్‌కి అప్పటిదాకా ఒక్క ఓటమి లేదు. కూగర్స్ అయిదు గెలిచారు, ఇంకొకటి గెలిస్తే సీజన్ తర్వాత జరిగే బౌల్ గేమ్‌కి అర్హత. 21-21 దగ్గర అందరికీ టెన్షనే. చివరి క్షణంలో గ్రేడీ గ్రాస్ కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (మూడు పాయింట్ల కిక్‌తో) హస్కీస్ గెలిచి, ఆ తర్వాత జాతీయ ఫైనల్ దాకా వెళ్లారు. కూగర్స్ సీజన్ అక్కడే ముగిసింది. ఒక్క ఆటలో ఇద్దరి ఏడాదీ తేలింది.

2024లో యాపిల్ కప్ జరిగిన సెప్టెంబర్ 14 నాటికి రెండు జట్లూ చెరో రెండు మ్యాచ్‌లే ఆడాయి. వేరే కాలేజీల నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన కుర్రాళ్లకు తోటి ఆటగాళ్లతోనే ఇంకా అలవాటు కుదరలేదు, ఎదుటి జట్టు మీద పంతం ఎక్కడిది? ఆట మాత్రం గొప్పగా సాగింది. గోల్ లైన్‌కి గజం దూరంలో హస్కీస్ నాలుగో డౌన్‌ని (చివరి ప్రయత్నాన్ని) ఆపి కూగర్స్ 24-19తో గెలిచారు. అంతటి గెలుపు తర్వాత ఇంకా నెలల సీజన్ మిగిలింది. నవంబర్ 30న ఆ కూగర్స్ సీనియర్లు (చివరి ఏడాది ఆటగాళ్లు) పుల్‌మన్‌లో చివరిసారి ఆడింది వయోమింగ్‌తో. హస్కీస్ అదే రోజు ఒరెగాన్‌లో ఉన్నారు.

సియాటిల్ క్యాంపస్‌లో క్లాసులు మొదలయ్యేది సెప్టెంబర్ చివరి వారంలో. 2024లోనూ 2025లోనూ అక్కడ క్లాసులు మొదలుకాకముందే యాపిల్ కప్ అయిపోయింది. మన తెలుగు పిల్లలు రెండు చోట్లా చదువుతున్నారు. సియాటిల్‌లో క్లాసులే మొదలుకాకముందే కాలేజీలో పెద్ద మ్యాచ్ ముగిసిపోతే అక్కడి పిల్లలకి ఆ జట్టు తమదని ఎలా అనిపిస్తుంది?

సెప్టెంబర్‌లో మంచు బెడద లేకుండా స్నోక్వాల్మీ కనుమ దాటి కుటుంబంతో పుల్‌మన్ వెళ్లడం తేలికే, ఒప్పుకుంటాను. అయినా 1992లో కూగర్స్ ఆటగాడు డ్రూ బ్లెడ్‌సో విసిరిన బంతిని పట్టుకుని ఫిలిప్ బోబో మంచు గుట్టలోకి జారిపోయిన ఆట నవంబర్‌దే.

2028 తర్వాతి ఒప్పందం గురించి మాటలు మొదలయ్యేలోపే రెండు పాలకమండళ్లనూ కూర్చోబెట్టండి. నవంబర్ చివరి వారాన్ని ఈ మ్యాచ్‌కి వదలమని రెండు కాన్ఫరెన్స్‌లనూ కలిసి అడగమనండి. అది కుదరకపోతే, కనీసం సియాటిల్‌లో క్లాసులు మొదలయ్యాక, అక్టోబర్‌లో ఒక శనివారమైనా ఇప్పించండి.

ఇట్లు,
బోతెల్ నుంచి ఒక తెలుగు అభిమాని