ఆదివారం కుక్కలకు టీకాలు + ఎండల జాగ్రత్తలు

అందరికీ నమస్కారం అండి 🙏

ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు మన సెల్లార్‌లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు వేయిస్తున్నాం. డాక్టరు గారు 9 వరకే ఉంటారు.

శుక్రవారం సాయంత్రంలోగా ఫ్లాట్ నంబరు, కుక్క పేరు ఇక్కడే పెట్టండి. మూడు నెలలు దాటిన కుక్కపిల్లలనూ తీసుకురండి. పాత టీకా కార్డు, గొలుసు తప్పనిసరి. కుక్కకు ఒంట్లో బాగోకపోతే టీకాకు ముందే డాక్టరు గారికి చెప్పండి. "మాది గుమ్మం దాటదండీ" అనొద్దు, లిఫ్టులో రోజూ చూస్తూనే ఉన్నాం!

ఇక మన బెజవాడ ఎండలు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటే కుక్కల పాదాలెంత? తారు రోడ్డు మీద మీ చెయ్యి ఏడు సెకన్లు ఆనించలేకపోతే బయటికి తీసుకెళ్లొద్దు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. అందుకే బాల్కనీలో కట్టేయొద్దు, కారులో "ఐదు నిమిషాలే" అని వదలొద్దు. విపరీతంగా రొప్పుతూ తూలుతుంటే నీడలోకి తెచ్చి, ఒంటిని చల్లటి నీళ్లతో తడిపి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆవకాయ ముద్ద రుచి చూపించే తాతగార్లకు ప్రత్యేక మనవి: వెల్లుల్లి, ఉల్లిపాయ వాటికి విషం. పెరుగన్నం పెట్టండి చాలు.

మర్చిపోవద్దు: పేర్లు శుక్రవారం సాయంత్రంలోగా!