ఫిజిక్స్ పుస్తకంలో ఏది తేలిందో, ఏది ఊహో కూడా రాయండి

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం పుస్తకాల పేజీలో సామాన్య పాఠకుల కోసం రాసిన ఫిజిక్స్ పుస్తకాల మీద సమీక్ష వస్తే నేను వదలకుండా చదువుతాను. మెప్పుకోలు మాత్రం దాదాపు ప్రతిసారీ ఒకటే. ఒక్క సమీకరణం కూడా లేదు, నవలలా చదివించింది, విశ్వరహస్యాలు కళ్లముందు పెట్టింది అని. సరే, సంతోషం. కానీ ఆ పుస్తకంలో చెప్పినవాటిలో ఏది ప్రయోగంలో తేలింది, ఏది ఇంకా కాగితం మీది లెక్కగానే ఉంది అన్న సంగతి ఎక్కడా కనబడదు. నా గొడవంతా దాని గురించే.

సమీకరణాలు లేకపోవడం నాకు అభ్యంతరం కాదు. ఒక్కో సమీకరణానికి అమ్మకాలు సగానికి పడిపోతాయని ఎవరో చెప్పారని స్టీఫెన్ హాకింగే 1988లో వచ్చిన తన పుస్తకం మొదట్లో రాసుకున్నారు. చివరికి ఐన్‌స్టీన్‌ది, ఆ ‘ఈ ఈక్వల్స్ ఎంసీ స్క్వేర్’ ఒక్కటే ఉంచారు. అంతకు మూడేళ్ల ముందు భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ కాంతి గురించి రాసిన చిన్న పుస్తకంలో బెదరగొట్టే లెక్కలేమీ ఉండవు, చిన్న చిన్న బాణం గుర్తులు గీసి, వాటిని తిప్పి, కలిపి, గాజు మీద పడిన కాంతిలో కొంత ఎందుకు వెనక్కి వస్తుందో చూపిస్తారు. ఓపికుంటే మనమే కాగితం మీద కలిపి చూసుకోవచ్చు. ప్రకృతి ఎందుకిలా నడుచుకుంటుందో తనకూ అర్థం కాదని ముందే చెప్పేస్తారు కూడా. కాబట్టి లెక్కలు తీసేసినంత మాత్రాన అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పటి పుస్తకాలు చాలావరకు మొదటి సగంలో గురుత్వాకర్షణ వల్ల కాలం వేగం మారుతుందని చెబుతాయి. ఇది కొలిచిన విషయం. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు భూమ్మీది గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఆ తేడా సరిచేయకపోతే మన ఫోన్ చూపించే చోటు ఒక్క రోజులోనే కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. అదే పుస్తకం చివరి అధ్యాయాలకొచ్చేసరికి పది కొలతల (డైమెన్షన్ల) విశ్వం, అన్నీ కంపించే అతి సన్నని తీగలతోనే తయారయ్యాయనే స్ట్రింగ్ థియరీ, మన పక్కనే లెక్కలేనన్ని వేరే విశ్వాలు. గొంతు మారదు, ధీమా మారదు. స్ట్రింగ్ థియరీకి ఇంతవరకు ప్రయోగంలో రుజువు దొరకలేదన్న ముక్క ఏ మూలనో ఒక వాక్యంలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. చదివినవాడు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తాడు. రేపు ఎవరో వచ్చి ఆ తీగల సంగతి ఇంకా తేలలేదోయ్ అంటే, అయితే ఆ కాలం కథ కూడా ఇలాంటిదేనన్నమాట అనుకుంటాడు. నాకు దీనితోనే ఎక్కువ టెన్షన్.

ఉపమానాల విషయం ఇంకో తలనొప్పి. లాగి కట్టిన రబ్బరు గుడ్డ మీద బరువైన బంతి పెడితే గుంట పడుతుంది, చిన్న గోళీ ఆ గుంటలోకి దొర్లుతుంది, గురుత్వాకర్షణ అంటే ఇదే అని ప్రతి పుస్తకంలోనూ బొమ్మ ఉంటుంది. అసలా గోళీ గుంటలోకి ఎందుకు దొర్లింది? కిందనుంచి భూమి లాగుతోంది కాబట్టి! గురుత్వాకర్షణను వివరించడానికి గురుత్వాకర్షణనే వాడుకున్నారు. అంతకన్నా పెద్ద లోటు ఏమిటంటే ఆ గుడ్డలో కాలం అనేదే లేదు, కానీ చేతిలోంచి జారిన రాయి కింద పడటానికి ప్రధాన కారణం స్థలం వంగడం కాదు, ఎత్తును బట్టి కాలం నడక మారడం. 2010లో అమెరికాలో కేవలం 33 సెంటీమీటర్ల ఎత్తు తేడాతో రెండు అణు గడియారాలు పెట్టి, కిందిది నెమ్మదిగా నడుస్తోందని కొలిచి చూపించారు. ఇంత అందమైన ప్రయోగం చేతిలో పెట్టుకుని ఇంకా ఆ రబ్బరు గుడ్డనే పట్టుకుని వేలాడటం ఎందుకో నాకు అర్థం కాదు. ఉపమానం వాడొద్దనను, అది ఎక్కడిదాకా పనికొస్తుందో ఒక్క మాట చెప్పమంటాను.

హిగ్స్ కణం సంగతీ అంతే. 2012 జులైలో అది దొరికిందని ప్రకటించినప్పుడు పత్రికలన్నీ ‘దైవకణం’ అని పెద్దక్షరాల్లో వేశాయి, లోకంలో ప్రతిదానికీ ద్రవ్యరాశి ఇచ్చేది అదేనని రాశాయి. నిజానికి పరమాణువు కేంద్రకంలో ఉండే ప్రోటాన్ ద్రవ్యరాశిలో, దానిలోని క్వార్కులనే చిన్న కణాలకు హిగ్స్ వల్ల వచ్చిన వాటా ఒక శాతం దాకా ఉంటుందేమో, మిగిలిందంతా లోపల క్వార్కులు, వాటిని అంటిపెట్టి ఉంచే గ్లూవాన్ల శక్తి. మన ఒంటి బరువుకూ ఇదే లెక్క. ఇక క్వాంటమ్‌లో ‘చూస్తే మారిపోతుంది’ అనే మాట ఉంది చూశారూ, దాన్ని పట్టుకుని మనసుతో రోగాలు నయం చేస్తామనే పుస్తకాలు కూడా సైన్స్ అరలోనే చేరిపోయాయి. అక్కడ చూడటమంటే మనిషి చూపు కాదు, పరికరం తగిలినా గాలి అణువు తగిలినా చాలు.

ఊహలు రాయొద్దని నేననడం లేదు. స్థలకాలాల్లో అలల్లా సాగే గురుత్వ తరంగాలు ఉండాలని ఐన్‌స్టీన్ 1916లో లెక్కగట్టి చెప్పారు, 2015లో గానీ నేరుగా పట్టుబడలేదు. హిగ్స్ కూడా 1964 నాటి ఆలోచనే. అయితే అన్ని ఊహలకూ ఆ అదృష్టం పట్టదు. ఎల్‌హెచ్‌సీ అనే, కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం మొదలవ్వకముందు, తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ ఉంటుందనే సూపర్‌సిమెట్రీ కణాలు ఇదిగో దొరకబోతున్నాయన్న ధోరణిలో ఎన్ని పేజీలు రాశారో! ఇప్పటివరకు ఒక్కటీ దొరకలేదు. ఆ పుస్తకాలు మాత్రం ఒక్క అక్షరం మారకుండా కొత్త అట్టలతో వస్తూనే ఉన్నాయి.

అందుకే సమీక్షలో పుస్తకం మొదట ఏ సంవత్సరంలో రాసిందో తప్పకుండా వేయండి. విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని తెలిసింది 1998లో. అంతకుముందు రాసిన పుస్తకాల్లో అది నెమ్మదిస్తోందన్న లెక్కే ఎక్కువగా ఉంటుంది. అది రచయిత తప్పు కాదు, కానీ నిన్ననే అచ్చయిందనుకుని కొన్న పాఠకుడికి ఎలా తెలుస్తుంది? సమీక్షకు ఇచ్చేముందు ఫిజిక్స్ పాఠం చెప్పేవాళ్లెవరికైనా ఒకసారి చూపించి, ఏ అధ్యాయాలు కొలిచిన విషయాలు, ఏవి ఇంకా తేలాల్సినవి అని అడిగి రెండు వాక్యాలు చేర్చండి. పేజీలో చోటు చాలదంటారేమో, అట్ట బొమ్మ కాస్త చిన్నది చేస్తే సరిపోతుంది.

– మీ పాఠకుడు